దీపం పిల్లకు చెప్పని మాట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి హాల్లో ల్యాప్‌టాప్ ముందేసుకుని ఏదో ఆటలో మునిగి ఉండి, ఉన్నట్టుండి తల కూడా తిప్పకుండా, "పాపా, ఇధర్ ఆవో నా, ఇస్కో క్యా బోలూఁ?" అని నన్ను పిలిచింది. మా పిల్లకు తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ముందు హిందీయే వస్తుంది, భిలాయిలో పుట్టి పెరిగిన పిల్లల సంగతి అంతే, మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ విషయంలో నన్ను దెప్పని రోజు లేదు. ఇంతకీ సంగతేమిటంటే, ఆటలో దాని వెంట నడిచే మనిషొకడు పెద్ద ధర్మసంకటంలో పడ్డాడట, నన్నేం చెయ్యమంటావని దీన్ని అడుగుతున్నాడట, వాడికేం చెప్పాలో నన్ను చెప్పమంటోంది.

కళ్ళజోడు సర్దుకుని వెళ్ళి చూశాను. తెర మీద కవచం తొడుక్కున్న యోధుడొకడు తల వంచుకుని నిలబడ్డాడు, వాడి కింద మూడు జవాబులు ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. బయల్దేరమనడం ఒకటి, ఉండిపొమ్మనడం ఒకటి. మూడోది రెండుసార్లు చదివాను. నీ ఇష్టం, నువ్వే తేల్చుకో అని దాని అర్థం. పక్కన దివాన్ మీద కూర్చుని టీ తాగుతున్న మా అక్క కూడా ముందుకు వంగి ఆ మూడు వాక్యాలూ చదివింది, చదివి నా ముఖం కేసి చూసింది.

ఆ చూపు ఏమిటో మీకు తెలియాలంటే నేను ఇరవై ఏళ్ళ పైచిలుకు వెనక్కి పోవాలి, మీరు కాస్త ఓపిక పట్టాలి.

అప్పుడే ఛత్తీస్‌గఢ్ కొత్తగా వచ్చింది. సెక్టారు మార్కెట్లో దుకాణాల బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు సున్నం కొట్టి కొత్త పేరు రాయిస్తున్నారు, కొత్త బళ్ళకు కొత్త అక్షరాలతో నంబర్లు వస్తుంటే వీధిలో అందరూ ఆగి చూసేవాళ్ళు. మా నాన్న మాత్రం ఊరికి రాసే ఉత్తరాల మీద ఆఖరిదాకా మధ్యప్రదేశ్ అనే రాశారు. విజయనగరం దగ్గర పల్లె నుంచి మీసాలు రాని వయసులో వచ్చి ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో చేరిన మనిషి, ఆ ఏడాదే జబ్బు చేసి, ఇంకా సర్వీసు ఉండగానే పోయారు. అమ్మ, అక్క, నేను, రెండు గదుల క్వార్టరు మిగిలాం. ఇంటి పెద్ద సర్వీసులో ఉండగా పోతే పిల్లల్లో ఒకరికి ఉద్యోగం అడగవచ్చు. ఒకరికి మాత్రమే. రెండోవాళ్ళు మాకేమీ అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం పెట్టాలి. ఉద్యోగం వస్తే క్వార్టరు ఉంటుంది, రాకపోతే ఖాళీ చెయ్యాలి. భిలాయిలో పుట్టినవాళ్ళకు ఈ మాటలు చిన్నప్పుడే తెలిసిపోతాయి, మరో ఊళ్ళో ఉన్నవాళ్ళకు విప్పి చెప్పాల్సి వస్తుంది.

అక్క నా కన్నా మూడేళ్ళు పెద్దది. బీయస్సీ కెమిస్ట్రీ చేసి, ఉద్యోగం దొరక్క ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుండేది. విశ్వకర్మ పూజ రోజున ఇంటిల్లిపాదినీ ప్లాంటు లోపలికి పోనిచ్చేవాళ్ళు కదా, అక్క చిన్నపిల్లగా ఉన్నప్పుడు అలా వెళ్ళి, తెల్ల కోట్లు వేసుకుని గాజు గొట్టాలలో బొగ్గు పొడి పరీక్ష చేసే గదిని చూసి, అక్కడి నుంచి కదలనని పేచీ పెట్టిందని నాన్న నవ్వుతూ చెప్పేవారు. తర్వాత కెమిస్ట్రీ తీసుకున్నది కూడా ఆ గది కోసమేనని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవ్వరం పైకి అనేవాళ్ళం కాదు. నేనేమో అత్తెసరు మార్కులతో డిగ్రీ గట్టెక్కి, స్మృతి నగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు టైపింగూ అదీ నేర్పుతూ సైకిలు మీద తిరుగుతున్నాను.

నాన్న పోయాక ఇంట్లో మాటలు కూడా పోయాయి. ముగ్గురం మూడు మూలల కూర్చునేవాళ్ళం. ఆ నిశ్శబ్దం భరించలేకే కాబోలు, సెంటర్‌లో పనికిరావని పక్కన పడేసిన ముక్కలన్నీ అడిగి తెచ్చి ఇంట్లో ఒక కంప్యూటర్ నిలబెట్టాను. మన తరంలో కంప్యూటర్‌కు గుడ్డ కప్పని ఇల్లు లేదు గదా, అమ్మ నాన్న పాత లుంగీ చింపి దానికి తొడుగు కుట్టింది. స్నేహితుడొకడు ఒక ఆట సీడీ ఇచ్చాడు. రాక్షసులు, కోటలు, మంత్రాలు, కత్తులు. మనం ఒక వీరుడై ఊరూరా తిరుగుతుంటాం, మనతో పాటు ఇద్దరు ముగ్గురు తోడుగా నడుస్తుంటారు, వాళ్ళు మనతో మాట్లాడతారు, మనం జవాబు చెప్పాలి. పేజీల కొద్దీ ఇంగ్లీషు, నాకు సగం బోధపడేది కాదు. అందుకని అక్కను పక్కన కూర్చోబెట్టుకున్నాను. కత్తి తిప్పడం నా వంతు, చదివి చెప్పడం దాని వంతు. క్లాసులో పాఠం చదివినట్టు ఇంగ్లీషు వాక్యం పైకి చదివి, వెంటనే అమ్మ కోసం తెలుగులో చెప్పేది. అమ్మ వెనక పీట మీద చేటలో బియ్యం ఏరుకుంటూ, రాక్షసుడు వచ్చినప్పుడల్లా ఓలమ్మో అనేది. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి అన్నం వేళకు ఆపేసేవాళ్ళం, ఆ రెండు గంటలూ ఇంట్లో మనుషులున్నట్టు ఉండేది.

మా తోడు నడిచేవాళ్ళలో ఒక అమ్మాయి ఉండేది. చేతిలో చిన్న దీపం, దాని వెలుగు పడితే గాయాలు మానిపోతాయి. ఆటలో ఆ పిల్ల పేరు మాకెవ్వరికీ నోరు తిరిగేది కాదు, అమ్మ దీపం పిల్ల అంది, అదే ఖాయమైంది. నేను ముందూ వెనకా చూడకుండా రాక్షసుల మీద పడి దెబ్బలు తినడం, అది వచ్చి మాన్పడం. ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. సముద్రం ఎప్పుడూ చూడలేదని, చూడాలని ఉందని ఒకే ఒక్కసారి అంది, అంతే.

సగం ఆట అయ్యాక దీపం పిల్ల సొంత ఊరు చేరాం. ఆ ఊరి బురుజు మీద పెద్ద దీపం ఆరిపోయింది, ఊరి మీదికి చీకటి పాకుతోంది. వెలిగించగలిగేది ఈ పిల్ల ఒక్కతే, కానీ వెలిగించిన మనిషి ఇక జన్మలో ఆ బురుజు దిగడానికి లేదు. ఊరి పెద్దలు వచ్చి అడిగారు. ఆ పిల్ల వాళ్ళకేమీ చెప్పకుండా మా వైపు తిరిగి, నన్నేం చెయ్యమంటావు అంది. కింద మూడు జవాబులు. బయల్దేరు, ఉండిపో, నీ ఇష్టం.

అక్క చదివి తెలుగులో చెప్పి ఆగింది. అమ్మ చేట కింద పెట్టేసింది. ఊరంతా చీకటైపోతే పిల్లా పీచూ ఏమైపోవాలి, పెద్దవాళ్ళు అంత దూరం వచ్చి అడిగారు కదా, ఉండమను అంది ముందు. మర్నాడు పొద్దున్నే కాఫీ ఇస్తూ మాట మార్చేసింది. "పాపం, సముద్రమైనా సూడనేదు. దాని తరపున సెప్పీవోలు ఎవులూ నేరేటి? ఎల్లిపొమ్మను" అంది. తను భీమిలి సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుని ఉంటుంది. నేను బయల్దేరమనాల్సిందే అన్నాను, అది లేకపోతే నా గాయాలు ఎవరు మాన్పుతారు, ముందు ఇంకా పెద్ద పెద్ద రాక్షసులున్నారు. అక్కకు నా మీద నిజంగానే కోపం వచ్చింది. "అది నీ దెబ్బలు మాన్పడానికి పుట్టిందేట్రా?" అంది. బయల్దేరమనే చెప్పాలి, కానీ మన కోసం కాదు, దాని కోసం చెప్పాలి, అలాంటి పిల్ల ఎవరో ఒకరు వెళ్ళు అని నోరు తెరిచి అనకపోతే కాలు కదపదు అని నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. అయినా ఊరి మాటేమిటని మళ్ళీ తనే అనుమానపడింది. ఇలా నాలుగు రోజులు నానబెట్టాం. కంప్యూటర్‌కు లుంగీ తొడుగు కప్పినప్పుడు కూడా దాని కింద ఆ పిల్ల జవాబు కోసం నిలబడి ఉన్నట్టే అనిపించేది.

ఇక్కడ మీకు పక్క క్వార్టరు నర్సు ఆంటీ సంగతి చెప్పాలి. వాళ్ళది గుంటూరు వైపు, ఆదివారం సాయంత్రాలు వాళ్ళింట్లో పదిమంది కూడి ప్రార్థన చేసుకునేవాళ్ళు. మా అమ్మ పెరటి గోడ దగ్గర నిలబడి, పాపం దీపం పిల్ల పెద్ద చిక్కులో పడిందండీ, ఊరివాళ్ళు కట్టిపడేసేలా ఉన్నారు అని ఆవిడతో అన్నదట. కంప్యూటర్ మాట చెప్పలేదు, అమ్మకు అది చెప్పవలసిన విషయమని తోచలేదు. ఆంటీ ఆ వారం ప్రార్థనలో, కష్టంలో ఉన్న ఒక సహోదరి కోసమని అందరి చేతా మోకాళ్ళ మీద వేడుకోలు చేయించింది. అది చాలదన్నట్టు మర్నాడు మరో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని, ఆ అమ్మాయిని చూసి రెండు ధైర్యం మాటలు చెప్పి పోదామని, ఒక డబ్బా నిండా కేకు ముక్కలతో మా ఇంటికొచ్చింది. ఊరికి దగ్గర్లో ఉన్న నందిని సున్నపురాయి గనుల వైపు ఏదో పల్లె అమ్మాయి అనుకున్నారట ముగ్గురూ. అక్క ముఖం ఎర్రబడిపోయి, చేసేదేమీ లేక తొడుగు తీసి కంప్యూటర్ వేసి చూపించింది. మిగతా ఇద్దరూ కొంగు నోట్లో కుక్కుకున్నారు గానీ ఆంటీ నవ్వలేదు. తెర మీది అమ్మాయిని కాసేపు తేరిపార చూసి, "పోనీలే అమ్మాయ్, చేసిన ప్రార్థన వృథా పోదు, ఎవరో ఒక ఆడపిల్లకి అందుతుందిలే" అంది, అక్క బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. కేకు ముక్కలు మేమే తిన్నాం.

ఆ వారంలోనే ఒకరోజు అక్క వారసుల సర్టిఫికెట్టు పని మీద పక్కనే ఉన్న జిల్లా కేంద్రం దుర్గ్ వెళ్ళింది. నాన్న పోయినప్పటి నుంచీ ఆఫీసుల చుట్టూ తిరిగింది అక్కే. ఏ కిటికీలో ఏ కాగితం ఇవ్వాలో, ఏ గుమాస్తా భోజనానికి ఎప్పుడు లేస్తాడో దానికి కంఠతా వచ్చు, నాకు దారి కూడా సరిగ్గా తెలియదు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను, అమ్మ బజారుకు వెళ్ళింది. ఆట ముందుకు పోవడం లేదని విసుగొచ్చేసింది. బయల్దేరమంటే ఊరు పాడవుతుంది, ఆ పాపం నాకు. ఉండమంటే ఆ పిల్ల బతుకు పాడవుతుంది, ఆ పాపమూ నాకే. మూడోది చూస్తే మర్యాదగా ఉంది, పెద్దమనిషి తరహాగా ఉంది, ఏ పాపమూ అంటదు. నొక్కేశాను.

దీపం పిల్ల తల వంచుకుని బురుజు మెట్లెక్కి వెళ్ళిపోయింది. పైన దీపం వెలిగింది. తెర కింద వరసలో మా తోడువాళ్ళ బొమ్మలుంటాయి, అందులో దాని చోటు ఖాళీ అయింది. భయమేసి వెనక్కి వెళ్దామని చూశాను గానీ, ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునేటప్పుడు నేనెప్పుడూ పాతదాని మీదే కొత్తది రాసేసే బద్ధకస్తుణ్ణి, ఆ పూటా అలవాటు కొద్దీ అదే చేశాను. ఇక వెనక్కి దారి లేదు.

అక్క ఎండలో వాడిపోయి వచ్చి, చెప్పులు విప్పుతూనే తెర చూసింది.

"దానికి ఏటన్నావు?"

"నీ ఇష్టం అన్నాను."

అక్క మంచినీళ్ళు తాగి, గ్లాసు బోర్లించి, "అంటే ఉండిపొమ్మన్నట్టే కదరా" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఇంకొకటి కూడా తర్వాత తెలిసింది. ఆ ఆట ఎరిగినవాడు సెంటర్‌లో ఒకడు చెప్పాడు, ఆ పిల్లకు ఉండిపో అన్నా, నీ ఇష్టం అన్నా ఒకటే ఫలితమట, బయల్దేరు అని అంటేనే బయల్దేరుతుందట, ఆట అలా తయారు చేశారట. అక్క చదవకుండానే తెలుసుకున్నది అది.

ఇది నాకు బాగా తెలిసిన తర్వాతే విజయనగరం నుంచి మా మావయ్య వచ్చాడు. ఉద్యోగం కాగితాలన్నీ సిద్ధమయ్యాయి, ఎవరి పేరు రాయాలో తేలాలి. మావయ్యకు తేల్చడానికేమీ లేదు, మగపిల్లాడున్నాడు కదా అని మొదలుపెట్టాడు, ప్రయాణపు అలసట తీరకముందే. అక్క పళ్ళెంలో అన్నం కెలుకుతూ, "నేనూ చెయ్యగలను కదా మావయ్యా" అంది. మావయ్య చెడ్డవాడు కాదు, చాలా ప్రేమగానే, ఎవరు కాదన్నారమ్మా, రేపు నువ్వో ఇంటిదానివైతే అమ్మ ఏ క్వార్టర్లో ఉంటుంది అన్నాడు. దీపం పిల్ల కోసం రెండు రకాలుగా తీర్పు చెప్పిన మా అమ్మకు కన్నకూతురి విషయంలో నోరు పెగల్లేదు. పెద్దలు వచ్చి అడిగారు, అంతే.

ఆ సాయంత్రం పెరట్లో అక్క బట్టలు తీస్తోంది. మన ఊళ్ళో ఆరేసిన బట్టల మీద ప్లాంటు దుమ్ము సన్నగా పడుతుందని మీకు తెలుసు, ఒక్కొక్కటే గట్టిగా దులిపి నా చేతికిస్తోంది. దులుపుతూనే, నా వైపు చూడకుండా, "ఒరే, నువ్వేటంటావు?" అంది.

నాకప్పుడు ఏమనిపించిందో దాచకుండా చెబుతాను. ఉద్యోగం దానిదేనని నాకు తెలుసు. చదువు దానిది, తిరుగుడు దానిది, ఆ తెల్ల కోటు గది దానిది. నువ్వే చేరు అక్కా అని నాలుగు మాటలు అంటే చాలు, మావయ్యతో పోట్లాడటానికి దానికి బలం వస్తుంది, ఆ బలం కోసమే అడుగుతోంది. కానీ నాకూ ఆ ఉద్యోగం కావాలి. ఇరవై అయిదేళ్ళ మగవాణ్ణి, అక్క సంపాదనలో సైకిలు తొక్కుకుంటూ తిరిగితే వీధిలో ఏమనుకుంటారోనని సిగ్గు. నువ్వు వద్దు అనడానికి మనసొప్పలేదు, నువ్వు చేరు అనడానికి నోరు రాలేదు. అది ఇచ్చిన బట్టలు చేతుల మీద సర్దుకున్నాను.

"నీ ఇష్టం అక్కా" అన్నాను.

అక్క చేతిలో నాన్న తువ్వాలు ఉంది. దాన్ని ఇంకోసారి దులిపి, అంచులు కలిపి మడత పెట్టి, నా చేతుల్లోని బట్టల మీద పెట్టి, "సరే" అంది. ఆంటీ వాళ్ళు మోకాళ్ళేసి చేసిన ప్రార్థన ఆ పూట మా పెరటి గోడ దాకా వచ్చి, నా ముఖం చూసి వెనక్కి తిరిగి ఉంటుంది.

మర్నాడు దుర్గ్‌లో కోర్టు ముందు టైపు చేసేవాడి బల్ల దగ్గర అక్క ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివింది. ఇంగ్లీషు వాక్యం చదవడం, అమ్మ కోసం తెలుగులో చెప్పడం, సాయంత్రాలు మాకు ఆట చదివి వినిపించిన గొంతే. నా తమ్ముడికి ఉద్యోగం ఇవ్వడం నాకు సమ్మతమే, ఎవరి బలవంతమూ లేదు, నా ఇష్టపూర్వకంగానే అని అందులో ఉంది. నా పేరులో ఒక అక్షరం తప్పు పడితే టైపు చేసేవాడిని కేకలేసి మళ్ళీ కొట్టించింది. తర్వాత సంతకం పెట్టింది.

దీపం పిల్లను మళ్ళీ కలుసుకుని బయల్దేరు అన్న మాట చెబుదామని ఆట మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి అక్క కూర్చోలేదు, పేపర్లు దిద్దుకోవాలంది. నేనొక్కణ్ణే కుంటుకుంటూ సగం దారి వచ్చేసరికి ప్లాంటు నుంచి చేరమని ఉత్తరం వచ్చింది, శిక్షణ, షిఫ్టులు, ఆ ఊరు చేరనేలేదు. కంప్యూటర్ ఒకరోజు దానంతటదే చచ్చిపోయింది. నాన్న లుంగీ తొడుగు అమ్మ ఉతికి మసిగుడ్డ చేసుకుంది.

అక్క బతుకు పాడైపోయిందని నేను అనను, అంటే అదే ఊరుకోదు. బావగారు మంచి మనిషి, స్మృతి నగర్‌లో చిన్న ఇల్లుంది. కానీ అక్క ఇప్పుడు చెబుతున్నది మూడో బడిలో, ముందు రెండూ మూతపడ్డాయి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, రేపటి నుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదు. నేను ఉద్యోగం చేస్తూనే ఉన్నాను, మెడలో బ్యాడ్జి, చేతిలో ప్లాంటు ఆసుపత్రి మెడికల్ పుస్తకం, అమ్మ ఆఖరి దాకా క్వార్టరులోనే సుఖంగా ఉంది. విశ్వకర్మ పూజకు ప్రతి ఏడాదీ అక్కను రమ్మని పిలుస్తాను. ప్రతి ఏడాదీ దానికి ఆ రోజే ఏదో పని పడుతుంది.

ఇప్పటి ఆటల్లో ఎన్ని అడుగులేస్తే అన్నీ వాటంతటవే దాచిపెట్టుకుంటాయట, ఏ జవాబుకు ఏమవుతుందో ముందే ఫోనులో చూసుకోవచ్చట, తప్పయితే వెనక్కి వెళ్ళి ఇంకోటి నొక్కవచ్చట. మా అమ్మాయే చెప్పింది, ఇంత దానికి మీరంతా నాలుగు రోజులు ఆలోచించారా అని నవ్వింది. ఔను తల్లీ, ఆలోచించాం. ఒక తెర చుట్టూ ముగ్గురం, గోడ అవతల మరో పదిమంది, లేని పిల్ల కోసం అంత ఆలోచించాం. ఉన్న పిల్ల అడిగినప్పుడు ఒక్కరం ఆలోచించలేదు.

ఆ ఆదివారం తెర ముందు నేనలా నిలబడే ఉన్నాను. అక్క టీ గ్లాసు కింద పెట్టింది. "చెప్పరా, పిల్ల అడుగుతోంది కదా" అంది.

"బయల్దేరమని చెప్పు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. కానీ మా అమ్మాయి నా కోసం చూసి చూసి ఎప్పుడో హెడ్‌ఫోన్లు తగిలించేసుకుంది, ఏదో ఒకటి నొక్కేసింది కూడా, తెర మీద ఆ యోధుడు వీపు తిప్పి ఎటో నడిచిపోతున్నాడు. దానికి నా మాట వినబడలేదు.

అక్కకు వినబడింది. "ఇప్పుడేట్రా" అని నవ్వి, ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.